పై మడుల్లో ఊద

ఊద గడ్డి మీద ఇసొకిచికి ఉన్న పగ కామిజావా లోయలో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. వరి నాటిన ఇరవయ్యో రోజు నుంచి గింజ బరువుకి వెన్ను వంగేదాకా ఆయన రోజూ పొద్దున్నే మడిలోకి దిగేవాడు. వరిలో వరిలా కలిసిపోయి అమాయకంగా నిలబడే ఆ మొక్కని వెతికి పట్టుకుని, వేళ్ళతో సహా పెళ్ళగించేవాడు. ఆకు మొదట్లో చిన్న నాలుకలాంటి పొర ఉంటే అది వరి, లేకపోతే ఊద. మిగతావాళ్ళు వంగి ఆ పొర కోసం చూసుకోవాల్సిందే. ఇసొకిచికి మాత్రం పిక్కకి రాసుకున్న ఆకు ఏదో తెలిసిపోయేది. పీకినదాన్ని గట్టు మీద పడేస్తే మళ్ళీ వేరు పట్టుకుంటుందని బుట్టలో ఇంటికి మోసుకెళ్ళి కాల్చేవాడు. ఆయనకి అరవై ఆరేళ్ళు. లోయలోని పన్నెండిళ్ళ వాళ్ళూ కలిసి ఆయన్ని కాలువ పెద్దగా పెట్టుకున్నారంటే, నీళ్ళ పంపకం సంగతి ఎలా ఉన్నా, కలుపు విషయంలో ఆయన కన్ను తప్పించుకునేది ఏదీ లేదనే.

అలాంటి మనిషి జూన్ నెల మధ్యలో ఒక పొద్దున తూము చూసుకుందామని పైకి వెళ్ళాడు. తన మడులకి సరిగ్గా ఎగువన ఉన్న మూడు ఊబ మడుల్లో, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, నడుముకి కట్టుకున్న చేటలోంచి ఏదో విత్తనం చల్లుతూ సెత్సు కనిపించింది. గట్టు మీద ఆమె అత్తగారు తొమె కూర్చుని ఉంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. నడుము రెండుగా వంగిపోయింది కానీ నోరు మాత్రం నిటారుగానే ఉంది.

"ఏం చల్లుతున్నావమ్మాయ్? ఈ మూడు మడులకీ ఈ ఏడు కూడా వరి లేదన్నారుగా?" అని కేకేశాడు ఇసొకిచి.

"వరి కాదు బాబాయ్. ఊదలు."

తను సరిగ్గా వినలేదనుకున్నాడాయన. "ఏంటీ?"

"ఊదలు. ఆవులకి."

"నీకు చెవుడు కూడా వచ్చిందేంట్రా ఇసో?" అంది తొమె గట్టు మీంచి.

ఇసొకిచి ముసలమ్మ మాట పట్టించుకోలేదు. మొహం ఎర్రబడింది. "నలభై ఏళ్ళుగా నేను పీకి పోగులు పెడుతున్నదాన్ని నువ్వు చేటలో పోసుకుని చల్లుతున్నావా! నీ మడి నీళ్ళు నా మడిలోకే దిగుతాయని తెలుసా నీకు? ఒక్క గింజ రాలిందంటే తేలుకుంటూ తిన్నగా నా వరిలోకొస్తుంది!"

"తెలుసు బాబాయ్." సెత్సు మాట్లాడుతూనే చల్లుతోంది. చెయ్యి ఆగితే చల్లకం ఎగుడుదిగుడు అవుతుంది. "నిరుడు ఇక్కడే మొక్కజొన్న వేశాను. మీరూ చూశారు. నీళ్ళకి వేరు కుళ్ళి, మోకాలెత్తు రాకుండానే పసుపెక్కి పడిపోయింది. ఈ మడుల్లో అడుగేస్తే మడమ దిగుతుంది. నీళ్ళలో నిలబడి బతికే మేత ఇదొక్కటే."

"బతుకుతుంది! దాని సంగతి నాకే చెప్తున్నావా? దాన్ని చంపలేకే కదా నా నడుము ఇలా అయ్యింది!"

"అంత గట్టిదాన్ని ఊరికే కాల్చి పారెయ్యడమెందుకురా మరి?" అంది తొమె. "ఇది నీ మడిలో మొలిచే దొంగ ఊద కాదు. మా అత్త నాకిచ్చిన విత్తనం. పండినా గింజ రాల్చదు. కోళ్ళకని ఏటా పెరట్లో ఇంత చల్లి నిలబెట్టాను. నువ్వు చిన్నప్పుడు దీని జావ తాగే పెరిగావు. మీ అమ్మ గిన్నె పట్టుకుని వెనక పడితే, నువ్వు మొలతాడు ఊడిపోయేలా పరిగెత్తేవాడివి."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఇసొకిచి వెనక్కి తిరిగి దిగిపోయాడు.

యుద్ధానికి ముందు ఆ కొండల్లో వరి లేదు. ఏడాది పొడుగునా ఊద అన్నమో ఊద జావో తినేవాళ్ళు. కుజి రేవుకి పనికి వెళితే అక్కడివాళ్ళు కామిజావా మనుషుల్ని డబ్బాలో అన్నం రంగు చూసి గుర్తుపట్టేవాళ్ళు. ఇసొకిచి ఆ డబ్బా మూత చాటున పెట్టుకుని తిన్న రోజులు ఎవరికీ చెప్పుకోలేదు. యుద్ధం అయ్యాక పన్నెండిళ్ళ వాళ్ళూ కొండ తొలిచి కాలువ తెచ్చుకున్నారు. మొట్టమొదటి పంట తెల్లన్నం వండి చచ్చిపోయిన తల్లి పేరు రాసి పూజలో ఉంచిన పలక ముందు పెట్టినప్పుడు ఆయన ఏడ్చాడు. అంచేత ఊద ఆయనకి కలుపు మాత్రమే కాదు, ఆ పాత సిగ్గు కూడా. ఆ రెండో సంగతి ఆయన బయటికి అనేవాడు కాదు.

ఇప్పుడు దేశంలో బియ్యం ఎక్కువైపోయాయి, ప్రతి ఇంటివాళ్ళూ కొంత భూమిలో వరి మానెయ్యాలి అని సర్కారు చెప్పింది. సెత్సు వాళ్ళకి ఆ ఊబ మడులు మానెయ్యక తప్పలేదు. భర్త తెత్సువో టోక్యోలో సొరంగం పనికి వెళ్ళి, కొత్త సంవత్సరానికి తప్ప రాడు. ఇంట్లో ఐదు ఎర్రావులు ఉన్నాయి. వేసవంతా కొండ మీద బీళ్ళలో మేసి, అక్టోబరులో దూడలతో సహా దిగొస్తాయి. అప్పటినుంచి ఆరు నెలలు మంచు. అన్ని నెలలకి మేత సెత్సు ఒక్కతే కూడబెట్టాలి.

ఆ వారమే ఇసొకిచి తన ఇంట్లో కాలువ సంఘం పెట్టించాడు. పదకొండు మంది మగవాళ్ళు పొయ్యి గుంట చుట్టూ కూర్చున్నారు. సెత్సు గుమ్మం దగ్గర కూర్చుంది. దిగువన ఉండే గెంతారో అందరికంటే ఎక్కువ గొంతు పెంచాడు.

"మేం పొద్దస్తమానం పీకడం, నువ్వు పైనుంచి చల్లడం. బాగుందమ్మా ఆట! మీ ఆయన వస్తే అడుగుతాం ఇదేం పని అని."

"మా ఆయన్ని అడగడమెందుకు? చల్లింది నేను." సెత్సు మామూలుగా నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. మాట్లాడితే తల వంచుకుని, చాప వైపు చూస్తూ మాట్లాడుతుంది. "కంకి బయటికి రాకముందే కోసేస్తాను. మీ భయానికే అనుకోకండి. కంకి తీశాక కాడ గట్టిపడుతుంది. ఆవులు ఆకు ఏరుకుని తిని కాడ వదిలేస్తాయి. ఎండుగడ్డికి అదను, కంకి ఇంకా కాడలోనే ఉన్న పొట్ట దశే. నా ఆవుల కోసమైనా నేను ముందే కొయ్యాలి. ఒక్క కంకి బయటపడినా మాట తప్పినట్టే. ఇంక ఎప్పుడూ వెయ్యను."

"చూసేదెవరు?"

"నేను చూస్తాను," అన్నాడు ఇసొకిచి. "రోజూ."

అన్నట్టుగానే రోజూ వెళ్ళాడు. తప్పు దొరుకుతుందనే వెళ్ళాడు. మొదటి పది రోజులు బురద మీద సన్నటి పచ్చటి నూగు తప్ప ఏమీ లేదు. తర్వాత వానలు పడి మూడు మడులూ చీలమండలోతు నీళ్ళతో నిండాయి. ఇంక చచ్చిందిలే అనుకున్నాడు. చావలేదు. నీళ్ళలోంచే పిలకలు వేసింది. ఒక్కో దుబ్బు చేతి గుప్పిట్లో పట్టనంత లావయ్యింది. ఆకు రెండు వేళ్ళ వెడల్పు, మధ్యలో తెల్లటి ఈనె. గాలి వీస్తే మడంతా ఒక్కసారి పక్కకి ఒరిగి, మళ్ళీ లేచి నిలబడేది.

ఒకరోజు గట్టు మీద నిలబడి చూస్తూంటే ఆయనకి ఒక సంగతి తట్టింది. వరి మొదలుపెట్టినప్పటినుంచి ఆ మొక్కని జానెడు దాటనివ్వలేదు తను. అది పెరిగితే ఎలా ఉంటుందో ఈ నలభై ఏళ్ళలో ఒక్కసారీ చూడలేదు. అటూ ఇటూ ఎవరూ లేరని చూసుకుని, వంగి, ఒక ఆకు తెంపి నోట్లో వేసుకున్నాడు. తియ్యగా ఉంది.

జులై రెండో వారంలో యమసె మొదలైంది. సముద్రం మీంచి వచ్చే ఆ తూర్పుగాలి పేరు వింటేనే ముసలివాళ్ళు చేతులు ముడుచుకుంటారు. తెల్లటి పొగమంచు రేవు వైపునుంచి లోయలోకి పాకి కూర్చుంది. పగలు కూడా నోట్లోంచి ఆవిరి వచ్చేది. ఇసొకిచి భార్య మత్సుయో పెట్టెలో దాచేసిన చలి బట్టలు మళ్ళీ బయటికి తీసి మొగుడికిచ్చింది. వారం అనుకున్నది నెలైంది. ఇసొకిచి రాత్రికి నీళ్ళు ఎక్కువ పెట్టి, పొద్దున తగ్గించి, వరి మొదళ్ళని వెచ్చగా ఉంచడానికి చెయ్యాల్సిందంతా చేశాడు. వరి నిలబడిన చోటే నిలబడిపోయింది. ఎదగదు, చావదు, పొట్టకి రాదు.

పైన ఊద కూడా నెమ్మదించింది. కానీ ఆగలేదు. రోజుకి వేలెడు పెరిగేది రెండు రోజులకి వేలెడు పెరిగింది. ఆగస్టు మధ్యకి ఇసొకిచి ఛాతీ ఎత్తు వచ్చింది.

"ఏమ్మాయ్, చలి తగలట్లేదా నీ పంటకి?" అని ఒకసారి అడిగాడు. ఎగతాళి చేద్దామనే మొదలుపెట్టాడు కానీ, గొంతులోంచి అలా రాలేదు.

"తగుల్తోంది బాబాయ్. మామూలుగా అయితే ఈపాటికి కోత అయిపోవాలి." సెత్సు ఒక దుబ్బు పట్టుకుని కాడ నొక్కి చూపించింది. "ఇదిగో, ఇక్కడ ఉబ్బు తెలుస్తోందా? లోపల కంకి కట్టింది. వారంలో మొదలుపెడతాను."

వారం అయ్యేసరికి వాన పట్టుకుంది. ఆగకుండా పడే సన్నటి వాన. సెత్సు పక్క లోయ నుంచి కోత మిషను అడిగి తెచ్చింది. అది మొదటి మడిలో పది అడుగులు పోయి ఇరుసుదాకా కూరుకుపోయింది. దాన్ని పైకి లాగడానికే సగం రోజు పట్టింది. మర్నాటి నుంచి కొడవలి పట్టింది. ఒక వరసలో ఆమె, రెండో వరసలో తొమె. ముసలమ్మకి వంగాల్సిన పని లేదు, ఎప్పుడూ వంగే ఉంటుంది కాబట్టి కోత తనకే బాగా కుదిరిందని నవ్వేది. నాలుగు రోజుల్లో రెండు మడులు కోశారు. కోసినదాన్ని మోసుకెళ్ళి కొట్టంలో, చూరు కింద, ఆఖరికి ఇంటి వసారాలో కూడా నిలబెట్టారు. తెత్సువోకి ఫోను చేస్తే, పని మధ్యలో వదిలి రాలేనన్నాడట.

ఐదో రోజు సాయంత్రం ఇసొకిచి గొడుగు వేసుకుని చూడ్డానికి వెళ్ళాడు. మూడో మడిలో, తూముకి దూరంగా నీళ్ళు కాస్త వెచ్చగా ఉండే మూల, మూడు కంకులు బయటికి వచ్చి ఉన్నాయి. లేత ఆకుపచ్చగా, వానకి తడిసి, వంకర తిరిగి.

ఆయన వాటి ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ మూడూ తనే తెంపి జేబులో వేసుకోవచ్చు. లేదా తిన్నగా గెంతారో ఇంటికి వెళ్ళి చెప్పొచ్చు. రెండూ చెయ్యలేదు. ఆ పిల్ల తనంతట తను చెబుతుందా, దాస్తుందా చూద్దామనుకుని ఇంటికి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున ఆయన ముల్లంగి ఊరగాయ కొరుకుతూ టీ తాగుతూంటే గుమ్మంలో సెత్సు నిలబడి ఉంది. నిలువునా తడిసిపోయి ఉంది. చేతిలో ఎరువు సంచి.

"లోపలికి రా అమ్మాయ్, టీ తాగుదువుగాని," అంది మత్సుయో.

"బూట్లకి బురద పిన్నీ. ఇక్కడే ఉంటాను." సంచి గుమ్మం మీద పెట్టింది. "బాబాయ్, నేను మాట తప్పాను. మూడో మడిలో కంకులు బయటికొచ్చాయి. వెలుగు రాగానే దిగి, మడంతా వరసలవారీగా తిరిగి, కనిపించినవన్నీ కోశాను. ఇవిగో. కొన్ని కనబడకుండా ఉండిపోయి ఉండొచ్చు, రేపటికి ఇంకొన్ని రావచ్చు. మీరు సంఘంలో చెప్పెయ్యండి. ఇవాళా రేపూ కలిపి ఆ మడి కోసేస్తాను. అయినా మాట మాటే కదా."

ఇసొకిచి సంచి విప్పాడు. గుప్పెళ్ళకొద్దీ కంకులు, తను చూసిన మూడే కాదు, గుబురులో దాగినవన్నీ. పది మడుల వరిలో ఊద ఏరిన రోజున కూడా తన బుట్టలో ఇంత జాగ్రత్తగా తీసినవి ఉండేవి కావు. ఒక్క కంకీ విరగలేదు, ఒక్క గింజా రాలలేదు. ఒకటి తీసి గోటితో నొక్కాడు. లోపల పాలు కూడా పోసుకోలేదు. రాలడం మాట అటుంచి, గింజ ముదరడానికే ఇంకా నెల పడుతుంది.

నిన్న సాయంత్రం గొడుగు కింద నిలబడి తను దేని కోసం కాచుకున్నాడో గుర్తొచ్చి ఆయనకి ముఖం ఎత్తి చూడాలనిపించలేదు.

"కొడవళ్ళు ఎన్నున్నాయి మీ ఇంట్లో?" అన్నాడు.

"రెండు. ఒకటి అత్త దగ్గరుంది."

"ఆవిడ చేత ఇంకా కోయిస్తున్నావా?"

"వద్దంటే వింటుందా బాబాయ్? ఇందాక మిమ్మల్ని కూడా తిట్టింది, రోజూ వచ్చి నిలబడి చూస్తాడు, ఒక్క గడ్డి పన మోసిన పాపాన పోడు అని."

మత్సుయో నవ్వు ఆపుకోవడానికి టీ కెటిల్ తీసుకుని లోపలికి వెళ్ళింది. ఇసొకిచి లేచి, చూరులో గుచ్చిన తన కొడవలి తీసుకుని, బూట్లు తొడుక్కుని, సెత్సు వెనకే వానలోకి నడిచాడు.

ఆ లోయలో ఇసొకిచంత వేగంగా వరి కోసేవాళ్ళు లేరు. మడిలోకి దిగి, దుబ్బు చుట్టూ చెయ్యి వేసి, మొదలంటా ఒక్క లాగు లాగాడు. నాలుగు దుబ్బులు కూడా అయ్యాయో లేదో తొమె అరిచింది.

"ఓరి దేవుడా! గొరిగేస్తున్నావేంట్రా! అది వరి కాదు! జానెడు మోడు వదలాలి! అంత కిందికి కోస్తే మళ్ళీ చిగురెయ్యదు!"

"ఎంత వదలాలి?"

"జానెడన్నానుగా. నీ జానెడు కాదు, నా జానెడు."

అరవై ఆరేళ్ళ కాలువ పెద్ద, బడిలో దెబ్బ తిన్నవాడిలా తలూపి, కొడవలి పైకి పట్టుకున్నాడు. అలవాటు తప్పిన ఎత్తులో కోస్తూంటే భుజం లాగింది. మధ్యాహ్నానికి సెత్సు తనకంటే రెండు వరసలు ముందుంది. మాట్లాడదు, ఆగదు, కొడవలి ఎత్తదు దించదు. చెయ్యి పోయిన చోటల్లా గడ్డి తనంతట తను పడుకుంటున్నట్టుంది. ఆయన ఒకటి రెండుసార్లు నడుము సర్దుకునే నెపంతో ఆగి, ఆమెనే చూశాడు. ఇన్నేళ్ళు పక్క మడుల్లో బతికి, ఈ మనిషి పని చేస్తూంటే ఒక్కసారీ చూడలేదనుకున్నాడు. మధ్యలో మత్సుయో అన్నం ముద్దలు తెచ్చి గట్టు మీద పెట్టి, తనూ పనలు కట్టడానికి దిగింది.

చీకటి పడేలోపు మడి అయిపోయింది. కానీ కోసినదంతా తడి. కొట్టంలో చోటు లేదు. నేల మీద వదిలితే రెండు రోజుల్లో బూజు పట్టి, ఆవుకి పెడితే కడుపుకి తగులుతుంది.

"మా కాలంలో కర్రలు పాతి ఆరేసేవాళ్ళం," అంది తొమె. "చిన్న చిన్న కట్టలు కట్టి, తలకిందులుగా. వాన పడినా పైనుంచి జారిపోయేది, గాలి లోపలికి దూరేది. అన్ని కర్రలు ఇప్పుడెవరి దగ్గరున్నాయి?"

కర్రలు ఎవరి దగ్గరున్నాయో అక్కడున్న అందరికీ తెలుసు. ఇసొకిచి ఇంటి వెనక చూరు కింద, పొట్టు తీసి నునుపు చేసిన చెస్ట్‌నట్ కర్రలు, పొడుగు వెదుళ్ళు, వరసగా పేర్చి ఉంటాయి. కోసిన వరిని ఆరేసే దండేలవి. ఆయన తండ్రి కొట్టిన కర్రలు కూడా ఉన్నాయందులో. వాటిని ఎవరికీ ఇవ్వడు. ఎవరూ అడగరు.

సెత్సు కూడా అడగలేదు. తల వంచుకుని కట్టలు లెక్కపెట్టుకుంటోంది.

"రేపు పొద్దున బండి తీసుకురా," అన్నాడు ఇసొకిచి. "ఈ ఏడు నాకు అవి అక్కర్లేదు."

మత్సుయో చటుక్కున మొగుడి వైపు చూసింది. అంతవరకు ఆయన వరి పోయిందన్న మాట ఇంట్లో కూడా అనలేదు. వరి ఆలస్యంగా ఈనింది. ఈనిన వెన్నుని వేళ్ళ మధ్య నలిపితే పొట్టు తప్ప ఏమీ లేదు. రోజూ పొద్దున ఒక్కో మడిలో ఒక్కో వెన్ను నలిపి చూసుకుని ఇంటికి వచ్చేవాడు.

సెత్సు బురదలోనే నిలబడి, చేతులు తొడలకి ఆనించి, నడుము వంచి దండం పెట్టింది. తొమె ఈసారి ఎగతాళి చెయ్యలేదు. "మా అమ్మమ్మ కూడా ఇలాంటి ఏడాది చూశానని చెప్పేది ఇసో," అంది నెమ్మదిగా. "తెల్లగా పాలిపోయి నిలబడ్డ వరి. ఆ ఏడు జనాన్ని బతికించింది ఊదే."

రెండు రోజుల్లో మూడు మడుల గట్ల వెంబడీ దండేలు లేచాయి. ఒక్కోదానికి మూడేసి వరసలు. కర్రలు ఎంత లోతుకి పాతాలో, వెదురు ఎక్కడ కట్టాలో ఇసొకిచి చెప్పాడు. కట్ట ఎంత లావుండాలో, దాన్ని ఎలా రెండుగా విడదీసి వెదురు మీద వెయ్యాలో తొమె చెప్పింది. ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. మధ్యలో సెత్సు ఎవరి మాట ఎంతవరకు వినాలో అంతవరకు విని, తన పని తను చేసుకుపోయింది. సెప్టెంబరు మొదట్లో గాలి తిరిగింది. పడమటి గాలికి, నాలుగు రోజుల ఎండకి, దండేల మీద ఊద ఆకుపచ్చ రంగు పోకుండానే గలగలా ఎండింది. లోయంతా ఆ వాసనే. ఇసొకిచి ఒక కట్టలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి చూసి, "ఎక్కడా చెమ్మ లేదు," అని తన పంటే అన్నంత గర్వంగా గెంతారోకి చెప్పాడు. గెంతారో గట్టు మీంచి ఓసారి చూసి వెళ్ళిపోయాడు.

వరి కోతలు కోతల్లా జరగలేదు. ఇసొకిచికి పది మడుల్లో కలిపి ఒక మడికి రావాల్సినంత కూడా రాలేదు. మిగతావాళ్ళ సంగతీ అంతే.

అక్టోబరు మొదట్లో కాలువ సంఘం మళ్ళీ కూర్చుంది. సాకె పోశారు కానీ ఎవరి గ్లాసూ ఖాళీ అవ్వడం లేదు. మాట్లాడుకోవాల్సింది పెద్దగా లేదు. కాసేపటికి గెంతారో గొంతు సవరించుకున్నాడు.

"ఆ ఊద సంగతి మిగిలిపోయింది. కంకులు బయటపడ్డాయని విన్నాం. ఆవిడే అంది కదా, ఒక్కటి బయటపడినా ఇంక వెయ్యనని."

"బయటపడ్డాయి," అన్నాడు ఇసొకిచి. "ముందు నేనే చూశాను. చూసి ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చి కూర్చున్నాను. ఆ అమ్మాయి మాత్రం మర్నాడు పొద్దున్నే, అడగకుండా, అన్నీ కోసి సంచిలో వేసి తెచ్చి నా గుమ్మంలో పెట్టి, మాట తప్పానంది. దాచుకుందామనుకుంటే ఆ సంచి కాల్చేస్తే సరిపోయేది. నేను చూశానని ఆ అమ్మాయికి తెలియదు. మనలో ఎంతమంది అలా తెచ్చి పెడతారో ఎవరికి వాళ్ళు అనుకోండి. నేనైతే తెచ్చేవాణ్ణి కాదు."

ఇసొకిచి తన గ్లాసు పక్కకి జరిపాడు.

"ఇంకో మాట. ఈ ఏడు మన లోయలో చేతికొచ్చిన పంట ఆ మూడు మడులదే. మొక్కజొన్న చచ్చిన చోట, వరి తెల్లబోయిన చలిలో. వచ్చే ఏడు వెయ్యొద్దనాలంటే ముందు నా మొహం చూసి అనండి. వేస్తే మళ్ళీ రోజూ వెళ్ళి చూసేది నేనే."

గెంతారో గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "నా దిగువ మడి కూడా ఊబే," అన్నాడు. "విత్తనం ఇస్తుందంటావా ముసలిది?"

"నువ్వే వెళ్ళి అడుగు. నాలుగు తిట్లు తిట్టి ఇస్తుంది."

పది రోజుల తర్వాత ఆవులు కొండ దిగాయి. ఐదు ఎర్రావులు, నాలుగు దూడలు, పొగమంచులోంచి మెడ గంటలతో వచ్చాయి. ఒళ్ళంతా నిగనిగలాడుతున్నాయి. సెత్సు సెప్టెంబరులోనే తూము మూసేసి మడులు ఆరబెట్టింది. జానెడు మోళ్ళలోంచి ఊద మళ్ళీ చిగురేసి మోకాలెత్తు వచ్చింది. ముందు మేతకి మొదటి మడి, తర్వాత రెండోది అని తాళ్ళు కట్టి అడ్డం పెట్టుకుంది.

ఇసొకిచి వెళ్ళేసరికి ఆవులు ఇంకా గట్టు బయటే ఉన్నాయి. వాటి ముందు దండేల మీంచి దింపిన ఎండుగడ్డి పడి ఉంది. నిదానంగా నములుతున్నాయి.

"పక్కనే పచ్చిది పెట్టుకుని ఎండుది పెడుతున్నావేం?" అని అడిగాడు.

"ఖాళీ కడుపుతో లేత చిగురు మీద పడితే పొట్ట ఉబ్బుతుంది బాబాయ్. ముందు ఇది కడుపులో పడాలి. తర్వాత గంటసేపే వదుల్తాను. రేపు రెండు గంటలు."

ఆయన తలూపాడు. తనకి తెలియని విషయం ఒకటి విని ఇంత సంతోషపడటం ఆయనకి కొత్త.

కాసేపటికి సెత్సు తాడు విప్పింది. అన్నింటికంటే పెద్దావు ముందుగా మడిలోకి అడుగేసి, ఆగి, నేల వాసన చూసింది. నాలుక చాపి ఒక దుబ్బు చుట్టూ చుట్టి, పరపరమని తెంపింది. వెనకే మిగతావి దిగాయి. ఒక దూడ తల్లి పొట్ట కిందనుంచి దూరి, ఒక చిగురు కొరికి, దాంతో ఏం చెయ్యాలో తెలియక నోట్లోంచి వేలాడదీసుకుని నిలబడింది. తొమె గట్టు మీద కూర్చుని దాన్ని తిడుతోంది.

"కాస్త పక్కకి జరగండి బాబాయ్," అంది సెత్సు. "దానికి మీరు కొత్త."

ఇసొకిచి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆవులు గడ్డి తెంపుతున్న చప్పుడు లోయంతా వినబడుతోంది. వింటూ కాసేపు నిలబడి, ఉన్నట్టుండి ఇంటి వైపు తిరిగాడు.

"గంట అయిపోయిందని ముందే బయటికి తోలెయ్యకమ్మాయ్. మత్సుయోని పిలుచుకొస్తాను, అదీ చూస్తుంది," అంటూ గట్టు మీద దాదాపు పరిగెత్తినట్టే నడిచాడు.